జేగురు: నేల కన్న ఎరుపు

ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. కిటికీ గ్రిల్లులు, గేట్లు, మెట్ల రెయిలింగులు గోడకు ఆనించి వరసగా ఉంటాయి. రేపు వాటిలో కొన్ని తెల్లబడతాయి, కొన్ని నల్లబడతాయి, ఇంటాయన ముచ్చటపడితే కొన్నింటికి బంగారు అంచు కూడా వస్తుంది. ఇవాళ మాత్రం అన్నిటిదీ ఒకటే రంగు, ఇటుక రంగు. షాపులో దాన్ని ‘రెడ్ ఆక్సైడ్’ అంటారు. ఎందుకని అడిగితే ‘తుప్పు పట్టకుండానండీ’ అని పెయింటర్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఆ డబ్బాలోని ఎర్రపొడి ఇనుమూ ఆక్సిజనూ కలిసిన పదార్థం. వరసకు తుప్పుకు అన్నదమ్ముల బిడ్డ. తుప్పు పట్టకూడదని తుప్పు చుట్టాన్నే తెచ్చి పూస్తున్నాం! ముల్లును ముల్లుతోనే తీస్తున్నాం అనిపిస్తుంది కానీ, వ్యవహారం అంత సూటిగా లేదు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు జింక్ క్రోమేట్ అనో, జింక్ ఫాస్ఫేట్ అనో కనిపిస్తుంది. తుప్పు పుట్టకుండా రసాయనికంగా అడ్డుపడేవి అవి. ఎర్రపొడి చేసేది మొండి కాపలా. ఎండను తాను మింగి లోపలి జిగురును కాపాడుతుంది, నీటి చుక్కకు దారి పొడుగు చేస్తుంది. ఆ కాపలాకు దానికున్న అర్హత ఒక్కటే. అది ఇంకా పాడయ్యేందుకు దానిలో ఏమీ మిగల్లేదు. బూడిద మళ్లీ కాలదు కదా, అలా.

ఈ రంగు గురించి చెప్పవలసినదంతా దాదాపు ఆ మాటలోనే ఉంది. ఇది ఇనుము చివరికి చేరుకునే మజిలీ. అందుకే నేలలో ఎక్కడ తవ్వినా దొరికింది, అందుకే చవక, అందుకే వెలిసిపోదు. దానికి మనం అంటగట్టిన అర్థాలు కూడా ఈ మూడింటి నుంచే పుట్టుకొచ్చాయని నా అభిప్రాయం.

తెలుగులో దీని పేరు జేగురు. జేగురుమన్ను, ఎర్రమన్ను, కావిమన్ను అన్నా అదే. సంస్కృతంలో గైరికం, ఉత్తరాదిలో గేరు. రసాయన శాస్త్రంలో హెమటైట్: రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు. గ్రీకు భాషలో ‘హైమా’ అంటే నెత్తురు, ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. నెత్తుటిలోనూ ఇనుము ఉన్నమాట నిజమే కానీ, నెత్తుటికి ఆ ఎరుపు వచ్చిన దారి వేరు. అక్కడ ఇనుమును పట్టుకుని కూర్చున్న పెద్ద అణువుదే ముఖ్య పాత్ర.

తెల్లని వెలుగు జేగురు మీద పడితే ఊదా, నీలం, ఆకుపచ్చ కిరణాలను అది దాదాపు మొత్తం మింగేస్తుంది. 580 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరికి వచ్చేసరికి దాని ఆకలి తగ్గుతుంది. అక్కడి నుంచి నారింజ, ఎరుపు కిరణాలను కొంత వెనక్కి పంపుతుంది. ‘కొంత’ అన్నది గుర్తుంచుకోవాలి. పాదరసపు రాయి ఇంగిలీకం లాగా ఎరుపునంతటినీ కళ్లలోకి విసరదు. దాచుకుని కాస్త ఇస్తుంది. మనం ‘మట్టి రంగు’ అనే మెత్తదనం ఆ పిసినారితనం వల్ల వచ్చిందే. ఇనుప అయాన్లు నీళ్లలో విడివిడిగా తేలుతుంటే ఇంత గాఢమైన రంగు రాదు. రాతిలో అవి ఆక్సిజన్‌ను మధ్యన పెట్టుకుని ఇరుగుపొరుగుగా ఇరుక్కుని ఉంటాయి. ఒకదాని అయస్కాంత గుణం పక్కదానితో జత కడుతుంది. ఆ జత కుదరడంతో కాంతిని మింగే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పొడి ఎంత మెత్తగా నూరామన్నదాన్ని బట్టి కూడా ఛాయ మారిపోతుంది. రేణువు మైక్రాన్‌లో పదో వంతు ఉంటే నారింజ వైపు మొగ్గుతుంది. మైక్రాన్ దాకా పెరిగితే వంగపండు ఛాయ తిరుగుతుంది. ఆ వంగపండు ఛాయ ఉన్నదాన్ని చిత్రకారులు ‘ఇండియన్ రెడ్’ అంటారు, మన దేశపు మట్టి పేరు మీదుగా. అమెరికాలో పిల్లల క్రేయాన్లు చేసే క్రేయోలా కంపెనీ 1999లో తన పెట్టెలోంచి ఆ పేరు తీసేసి ‘చెస్ట్‌నట్’ అని మార్చింది. పిల్లలు దాన్ని అమెరికా ఆదివాసుల ఒంటి రంగు అనుకుంటున్నారని భయం. మన మన్ను పేరు మన ప్రమేయం లేకుండానే అలా పోయింది.

జేగురుకు ఒక పచ్చని అక్క ఉంది. గోథైట్ అంటారు. అదీ ఇనుప ఆక్సైడే, కాకపోతే లోపల నీటి పాలు ఉంటుంది. 1806లో జర్మన్ కవి గోథే గౌరవార్థం ఆ పేరు పెట్టారు. కవి పేరు రాయికి ఎందుకంటే, ఆయనకు ఖనిజాల పిచ్చి. రంగుల మీద కూడా 1810లో పెద్ద గ్రంథం రాశాడు. అందులో న్యూటన్‌తో పెట్టుకున్న తగువులో భౌతికశాస్త్రం న్యూటన్ పక్షానే నిలిచింది, అది వేరే కథ. ఈ పచ్చటి మట్టిని పెనం మీద వేసి బాగా మంట పెట్టండి. 250, 300 డిగ్రీల దగ్గర లోపలి నీరు ఆవిరైపోయి మన కళ్ల ముందే ఎర్రబడుతుంది. స్వచ్ఛమైన గోథైట్ 100 గ్రాములు తీసుకుంటే అందులో 10 గ్రాములు నీళ్లే. బేతంచర్ల చుట్టుపక్కల గనుల్లో తవ్వే పచ్చమన్నుకూ ఈ గుణం ఉంది.

ఈ మట్టిని రంగుగా వాడుకునే కిటుకు మనిషికి రాతియుగం నుంచీ తెలుసు. దక్షిణాఫ్రికా సముద్రతీరంలో బ్లాంబోస్ గుహ ఉంది. అక్కడ దొరికిన రెండు పెద్ద గుల్లల గురించి పురావస్తు శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించారు. వాటిలో జేగురు పొడి, దంచిన ఎముక, బొగ్గు కలిపి రంగరించిన ముద్ద అడుగంటి ఉంది. పక్కనే నూరే రాళ్లున్నాయి. వయసు సుమారు 1,00,000 ఏళ్లు. అప్పటికి వ్యవసాయం లేదు, కుండ లేదు, ఊరనేది లేదు, రంగుల గిన్నె మాత్రం ఉంది. మధ్యప్రదేశ్ భీంబెట్కా గుహల్లో బొమ్మలు, మన కడప జిల్లా చింతకుంటలో, భూపాలపల్లి దగ్గరి పాండవుల గుట్టలో రాతి మీది బొమ్మలు ఇంకా ఎర్రగానే కనిపిస్తున్నాయంటే కారణం మొదట చెప్పుకున్నదే. ఎండకు, గాలికి మారడానికి ఆ పదార్థంలో ఇంకేమీ మిగిలి లేదు. ఆ చేతులే ఆకుపసరుతోనూ గీసి ఉండవచ్చు. గీసినా మనదాకా వచ్చే దారి లేదు.

ఇక ఇటుక. పచ్చి ఇటుకను ఎండలో ఆరబెట్టినప్పుడు చూస్తే బూడిద కలిసిన మట్టి రంగే. బట్టీలో 900, 1,000 డిగ్రీల సెగ తగిలాకే ఎర్రబడుతుంది. సెగ ఒక్కటే చాలదు, గాలి కూడా ఆడాలి. గాలి పుష్కలంగా అందితే మట్టిలోని ఇనుము కడుపునిండా ఆక్సిజన్ తీసుకుని ఎర్రబడుతుంది. గాలి అందకుండా పొగలో ఉక్కిరిబిక్కిరైతే అదే ఇనుము నల్లబడుతుంది. మట్టిలో సున్నం ఎక్కువుంటే అది ఇనుమును తనలో కలిపేసుకుంటుంది, ఇటుక పాలిపోయి పసుపు తిరుగుతుంది. అందుకే బట్టీ విప్పుతున్నప్పుడు అనుభవజ్ఞుడు ఇటుక రంగు చూసి, ఒకదాన్ని ఇంకోదానితో కొట్టి, ఖంగుమన్న శబ్దం విని, లోపల ఏం జరిగిందో చెప్పేస్తాడు.

గాలితో ఆడుకునే ఈ విద్యను మన దక్షిణాది కుమ్మరులు ఇనుపయుగంలోనే ఎంత దూరం తీసుకెళ్లారో చూడండి. పల్లెల్లో రాక్షసగుళ్లు అని పిలిచే పాత సమాధులను తవ్వితే ఒక రకం కుండలు బయటపడతాయి. పైన నున్నటి ఎరుపు, లోపలా అంచు దగ్గరా నలుపు. రెండు రంగులు పూసి చేసినవి కావవి. కుండను బోర్లించి కాల్చేవారని ఎక్కువమంది పండితుల ఊహ. బూడిదలో కూరుకున్న అంచుకూ కడుపులోకీ గాలి అందదు, బయటి వీపుకు అందుతుంది. ఒకే మట్టి, ఒకే మంట, ఒకే కుండ. ఊపిరి అందిన చోట ఎరుపు, అందని చోట నలుపు. డిజైన్ అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నేలకు ఎరుపు వచ్చేదీ ఇలాగే, నిప్పు లేకుండా, తీరిగ్గా. వానలు మిగతా లవణాలను కడుక్కుని పోతే కదలని ఇనుము అడుగున మిగిలి గాలి పోసుకుంటుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో ఒక్కో ఇసుక రేణువుకూ పట్టిన పలచటి పూత అదే. తెలంగాణ చల్కా నేలలదీ అదే సంగతి. మెత్తగా కోసి ఆరబెడితే గట్టిపడే ఎర్రరాయిని ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలో చూసి, 1807లో అచ్చయిన తన పుస్తకంలో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ‘లేటర్’ అంటే ఇటుక. ఆకాశంలోనూ ఇదే మన్ను ఉంది. అంగారకుడిని మనవాళ్లు కుజుడు, భౌముడు అన్నారు, అంటే భూమికి పుట్టినవాడు. ఆ ఎర్రదనం ఇనుప ఆక్సైడ్ల ధూళిదని ఆ పేరు పెట్టినవాళ్లకు తెలిసే అవకాశం లేదు. అయినా పేరు ఎంత చక్కగా కుదిరిందో!

అర్థాల సంగతికి వద్దాం. రంగుల కంపెనీల కేటలాగు తిరగేస్తే ఈ ఛాయ పక్కన ‘స్థిరత్వం, ఆత్మీయత, నమ్మకం’ అని రాసి ఉంటుంది. ఆ గుణాలు రంగులో ఉన్నాయని నేను నమ్మను. అవి ఇటుకలో ఉన్నాయి, పెంకులో ఉన్నాయి, అరుగు మీద ఉన్నాయి. వస్తువుతో ఏళ్ల తరబడి కాపురం చేస్తే దాని గుణం రంగుకు అంటుకుంటుంది.

ఎరుపుల్లో కులీనమైనవి వేరే ఉన్నాయి. ఇంగిలీకం పాదరసపు రాయి, ఖరీదైనది. లక్కరంగు పురుగు నుంచి తీయాలి. కలంకారీ ఎరుపు కోసం చిరివేరు తవ్వాలి, పటిక పట్టించాలి, ఉడకబెట్టాలి. అన్నట్టు, కలంకారీలో ఇనుముకు దక్కింది ఎరుపు కాదు, నలుపు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే నల్లటి గీత పడుతుంది. జేగురుకు ఈ తతంగం ఏదీ లేదు. తవ్వుకో, నూరుకో, కలుపుకో. అందుకే పెళ్లికూతురి నుదుటికి ఎక్కలేదు, ఇంటి అరుగుకూ గోడ అడుగు పట్టీకీ దిగింది. అన్నీ వదిలేసినవాడి గుడ్డకూ అదే దక్కింది. కావిబట్ట అంటే కావిమన్నులో ముంచిన బట్టే. దమ్మిడీ ఖర్చు లేదు, మాసినా తెలియదు. ఇప్పుడు బజారులో దొరికే కాషాయం చాలావరకు రసాయనపు రంగు, మట్టిని వదిలి నారింజకు జరిగింది. సన్యాసానికి అంత మెరుపు ఎందుకో మరి.

చవక రంగుకు చిత్రమైన ఉద్యోగాలు కూడా దొరికాయి. పాత ఏథెన్స్‌లో సభ జరిగే రోజున బజారులో కబుర్లాడుతూ తిరిగే పౌరులను సభ వైపు తోలడానికి జేగురులో ముంచిన తాడును అటూ ఇటూ పట్టుకుని ఈడ్చుకొచ్చేవారు. బట్ట మీద ఎర్ర గీత పడితే జరిమానా. క్రీస్తుపూర్వం 425లో అరిస్టోఫేనిస్ తన నాటకంలో ఆ తాడును తప్పించుకుని పారిపోయేవాళ్లను వెక్కిరించాడు. మన అసెంబ్లీల సంగతి నేను ఎత్తను.

ఇదే రంగు ఒకచోట హోదా, ఇంకోచోట నామోషీ. స్వీడన్‌లో ఫాలున్ అనే ఊళ్లో శతాబ్దాల తరబడి రాగి తవ్వారు. గని పక్కన గుట్టలుగా పడిన చెత్తలో ఇనుప ఆక్సైడ్ ఉంది. దాన్ని నీళ్లలో రై పిండి, అవిసె నూనె, ఇనుప సల్ఫేటుతో ఉడికించి కొయ్య ఇళ్లకు పూశారు. మొదట ఎందుకు పూశారంటే, ఇటుక మేడలు గొప్పవాళ్లవి కాబట్టి కొయ్య ఇల్లు ఇటుక ఇల్లులా కనిపించాలని. తర్వాత అది పల్లెలన్నిటికీ పాకింది. 1992లో గని మూతపడినా రంగు తయారీ ఆగలేదు. ఇవాళ స్వీడన్ వాడు కలగనే ఇల్లు అంటే ఎర్రటి కొయ్య ఇల్లే. అదే ఇటుక ఎరుపు ఇంగ్లండ్‌లో మిల్లు గోడల రంగయింది. లివర్‌పూల్‌లో స్పానిష్ బోధించిన ఆలిసన్ పీర్స్ 1943లో మారుపేరుతో రాస్తూ పారిశ్రామిక నగరాల కొత్త విశ్వవిద్యాలయాలకు ‘రెడ్‌బ్రిక్’ అని పేరు పెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌ది రాయి, వీళ్లది ఇటుక. రంగు మారలేదు, దాన్ని చూసే కన్నుకు అంతస్తు అంటుకుంది.

మన దగ్గర జరుగుతున్నది ఇంకా చిత్రం. కాలిన ఇటుకతో గోడ కట్టి, దాన్ని సిమెంటుతో కప్పేసి, ఆ పైన పుట్టీ పెట్టి, ఆఖరున అందం కోసమని ఇటుకలా కనిపించే టైల్స్ అతికిస్తున్నాం. లారీ బేకర్ బతికుంటే ఏమనేవాడో! 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడ్డ ఆ ఆర్కిటెక్టు జీవితమంతా ఇటుకను కప్పొద్దనే కట్టి చూపించాడు. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ‘ఎలుకబోను’ కట్టుబడితో నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, లోపలి గాలి సెగను ఆపుతుంది. కంటికి దక్కేది ఇంకొకటి ఉంది. చేత్తో చేసిన ఇటుకల్లో ఏ రెండూ ఒకే ఛాయలో ఉండవు. సెగ దగ్గరగా తగిలింది ముదురు, దూరంగా ఉన్నది లేత. దూరం నుంచి చూస్తే గోడ ఒకే రంగు, దగ్గరికి వెళితే వంద రంగులు. యంత్రం చేసిన టైల్‌కు లేనిది ఆ హెచ్చుతగ్గే.

వాడకంలో ఈ రంగు బలం ముందుకు రావడంలో లేదు, వెనక నిలబడటంలో ఉంది. మహారాష్ట్రలో వార్లీలు జేగురు గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా గీస్తారు. ఒడిశా, శ్రీకాకుళం సరిహద్దు కొండల్లో సవరలూ ఎర్రమన్ను అలికిన గోడ మీదే పిండితో బొమ్మలు వేస్తారు. మన వాకిట్లో ఎర్రమన్ను పూసిన అరుగు మీద సుద్దముగ్గూ ఈ పద్ధతే. కంప్యూటర్ తెరల కోసం ‘ఫైర్‌బ్రిక్’ అని ఒక ప్రామాణిక రంగు ఉంది: ఎరుపు 178, ఆకుపచ్చ 34, నీలం 34. దాని మీద తెల్ల అక్షరం పెడితే వెలుగుల నిష్పత్తి సుమారు 6.7 వస్తుంది. చదవడానికి కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. నల్ల అక్షరం పెడితే 3 దగ్గరే ఆగిపోతుంది. అంటే పిండిముగ్గు పాస్, బొగ్గుముగ్గు ఫెయిల్. అయితే ఆ తెర రంగు నిజం ఇటుక కన్నా బాగా శుద్ధమైనది. మట్టి ఛాయ కావాలంటే ఎరుపు కొంచెం తగ్గించి ఆకుపచ్చను 70, 80 దాకా పెంచి చూడండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని కళ్లు మగవాళ్లలో తక్కువేమీ కాదు. వాళ్లకు ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ ఒకేలా ఉంటాయి. కాబట్టి చార్టుల్లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకండి. తోటలో మాత్రం పెట్టండి. పెంకుటింటి మీదికి వాలిన కొబ్బరాకు మామూలు కన్నా పచ్చగా కనిపిస్తుంది, కన్ను ఎదురు రంగును పెంచి చూస్తుంది.

చీకటి పడేవేళ దీనితో జాగ్రత్త. 19వ శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే గమనించిన సంగతి: వెలుగు తగ్గేకొద్దీ ఎర్రటివి ముందుగా నల్లబడతాయి, నీలం, ఆకుపచ్చ ఇంకా కాసేపు నిలుస్తాయి. చీకట్లో పనిచేసే కంటి కణాలకు ఎరుపు దాదాపు ఆనదు. జేగురు పూసిన మెట్టు సంధ్యవేళ మాయమవుతుంది. గుడి ప్రహరీకి జేగురు పక్కన సున్నం పట్టెలు, రోడ్డు పక్క చెట్ల మొదళ్లకు ఎరుపూ తెలుపూ కట్లు ఉండటంలో ఈ లాభం కూడా ఉంది. పగలు ఎరుపు కనబడుతుంది, రాత్రి దీపం పడితే తెలుపు కనబడుతుంది. మెట్ల అంచుకు వేలెడు వెడల్పున తెల్లగీత గీస్తే చాలు, ముసలివాళ్లు పడకుండా ఉంటారు.

ఎర్ర గచ్చు మళ్లీ మోజులోకి వచ్చింది. రెడ్ ఆక్సైడ్ ఎక్కువ పోస్తే ఎక్కువ ఎరుపు అనుకోవడం పొరపాటు. సిమెంటు బరువులో 5, 6 శాతం దాటాక రంగు పెద్దగా ముదరదు, 10 శాతం దాటితే గచ్చే బలహీనపడుతుంది. పనితనమంతా తాపీమేస్త్రి మణికట్టులో ఉంది. తడి ఆరకముందే రుద్ది నునుపు తేలాలి, తర్వాత వారం పాటు నీళ్లు కట్టాలి. ఆపైన కొబ్బరినూనె గుడ్డతో ఏళ్ల తరబడి తుడిస్తేగాని ఆ అద్దం మెరుపు రాదు. అప్పగించిన రోజే మెరవాలంటే టైల్స్ వేయించుకోవడం మంచిది. డాబా మీదికి మాత్రం ఈ రంగు తీసుకెళ్లకండి. తెలుపుతో పోలిస్తే ఇది ఎండను బాగా తాగుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది ఆ సెగ గురించే.

మళ్లీ వెల్డింగ్ షాపు గ్రిల్లు దగ్గరికి. ఇంటికి వచ్చాక దానికి తెల్ల రంగు పడుతుంది, ఎరుపు సంగతి అందరూ మరిచిపోతారు. పదేళ్ల తర్వాత ఏ సైకిల్ హ్యాండిలో తగిలి గీసుకుంటే తెల్లటి పూత కింద ఎర్రటి గీత తేలుతుంది. అది కాపలా ఉన్న పాత పూతా, కాపలా దాటి పుట్టిన కొత్త తుప్పా అన్నది చూపుకు తెలియదు. గోటితో గీరి చూడాలి. నున్నగా ఉంటే పూత. పొడి రాలితే ఉప్పుకాగితం తెచ్చుకోవాలి.